విరిగిన పాత బెంచ్ వైస్: ఇత్తడి అతుకా, నికెల్ రాడ్డా, ప్లేటా, కొత్తదా?

పని ముక్కను రెండు దవడల మధ్య బిగించి పట్టే బెంచ్ వైస్ విరగ్గానే చాలామంది చేసే మొదటి పని, దాన్ని బండి మీద పెట్టుకుని దగ్గర్లో ఉన్న వెల్డింగ్ షాపుకి తీసుకుపోవడం. గేట్లు, గ్రిల్లులు చేసే షాపు అది. అక్కడి కుర్రాడు పనిమంతుడే. మామూలు 6013 రాడ్ పెట్టి పది నిమిషాల్లో అతికించి చేతిలో పెడతాడు. అది చల్లారుతూ ఉంటే ‘టిక్’ అని చప్పుడొస్తుంది. చూస్తే అతుకు పక్కనే, దానికి సమాంతరంగా, కొత్త పగులు. ఇంకోసారి వెల్డింగ్ పెట్టిస్తే పగులు ఇంకొంచెం అవతలికి జరుగుతుంది. రెండుసార్లు ఇలా అయ్యాక మంచి చేయి తిరిగిన మనిషి దగ్గరికి పోయినా ఆయన చేయగలిగింది చాలా తక్కువ.

కాబట్టి పాత వైస్ మీద ప్రేమ ఉన్నవాళ్లు, అది తాతల నాటిదైనా, రేణిగుంట రోడ్డులో పాత ఇనుము కొట్టులో కొన్నదైనా, మొదట ఏమీ చేయకుండా పక్కన పెట్టండి. విరిగిన ముక్కల్ని గుడ్డలో చుట్టి దాచండి. విరిగిన అంచుల్ని రుద్దకండి, గ్రైండర్ తాకించకండి. ఆ గరుకు అంచులు ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. ముక్కను మళ్లీ అసలు స్థానంలో నిలబెట్టడానికి అంతకంటే మంచి ఆధారం ఉండదు.

ఏ పద్ధతి మంచిదని అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పలేం. ఆ వైస్ ఏ లోహం, ఎక్కడ విరిగింది, రేపు దాని మీద ఏం పని చేస్తారు అనే మూడూ చూడాలి. అయినా నా మొగ్గు ఎటో ముందే చెబుతాను. పోత ఇనుము వైస్ బాడీకి, చేసే మనిషి దొరికితే, గ్యాస్‌తో ఇత్తడి అతుకు. బెంచ్‌కు బోల్టు వేసే చెవులు విరిగితే ప్లేటు. దవడను మోసే స్లయిడ్ రెండు మూడు ముక్కలైతే ఆశ వదులుకుని ఇంకో వైస్ కొనడం.

లోహం సంగతి

పాత బెంచ్ వైసుల్లో ఎక్కువ భాగం గ్రే కాస్ట్ ఐరన్, మన షాపుల్లో కాస్టింగ్ అనో బీడు అనో అంటారు. ఇందులో కార్బన్ సుమారు 2.5 నుంచి 4 శాతం ఉంటుంది, అదీ ఎక్కువగా సన్నటి గ్రాఫైట్ రేకుల రూపంలో. ఆ రేకులే దాని గుణమూ, దాని లోపమూ. రేకులు ఉండబట్టే అది అదురును మింగుతుంది, సులువుగా కోతకు వస్తుంది. లాగినప్పుడు మాత్రం ప్రతి రేకూ ఒక చిన్న పగులులాగే పనిచేస్తుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 210లో ఎఫ్‌జీ 200 అనే రకం ఉంది. ఆ 200 అంటే లాగితే చదరపు మిల్లీమీటరుకు 200 న్యూటన్ల దాకా ఓర్చుకుంటుందని. అదే ఇనుము నొక్కుడుకు దానికి మూడు నాలుగు రెట్లు తట్టుకుంటుంది. వైస్ ఎప్పుడు విరిగినా లాగుడు పడే వైపే మొదలవుతుంది.

పరీక్ష సులువు. కనపడని చోట, అడుగున, చిన్న డ్రిల్ బిట్‌తో కొంచెం తొలవండి. నల్లటి పొడిలా రాలితే కాస్ట్ ఐరన్. చుట్టలు చుట్టలుగా పొట్టు వస్తే స్టీలు. గ్రైండర్ తాకిస్తే కాస్ట్ ఐరన్ నిప్పురవ్వలు ఎర్రగా, పొట్టిగా, చప్పగా ఉంటాయి. స్టీలువి పొడుగ్గా, తెల్లగా, చివర పువ్వుల్లా చీలుతూ పోతాయి. సుత్తితో మెల్లగా తట్టినప్పుడు ఖణేల్‌మంటే డక్టైల్ ఐరన్ కావచ్చు, శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలో తయారయ్యే డీఐ పైపుల రకం. అందులో గ్రాఫైట్ రేకులుగా కాక గుండ్రటి గింజలుగా ఉంటుంది, అందుకే అది వంగుతుంది గానీ చటుక్కున విరగదు. బాడీ స్టీలు అని తేలితే, లేదా కొలిమి దగ్గర వాడే సాగకొట్టిన లెగ్ వైస్ అయితే, ఈ వ్యాసంతో మీకు పెద్దగా పని లేదు. మంచి వెల్డర్ 7018 రాడ్‌తో నిక్షేపంగా అతికిస్తాడు.

ఎంత బరువు పడుతుందో తెలిస్తే ఎంపిక తేలికవుతుంది

వైస్ హ్యాండిల్‌ను చేత్తో బిగిస్తున్నప్పుడు లోపల ఎంత బలం పుడుతుందో చాలామందికి అంచనా ఉండదు. స్క్రూ మధ్య నుంచి హ్యాండిల్ చివరకు 250 మిల్లీమీటర్లు, స్క్రూ పిచ్ 5 మిల్లీమీటర్లు, మీరు లాగే బలం 20 కిలోలు అనుకోండి. ఒక చుట్టుకు చెయ్యి 1570 మిల్లీమీటర్లు తిరుగుతుంది, దవడ 5 మిల్లీమీటర్లు కదులుతుంది. అంటే లెక్కకు 314 రెట్లు. అందులో ముప్పాతిక వంతు రాపిడికి పోయినా ఒకటిన్నర టన్నుల పైనే నొక్కుడు మిగులుతుంది. హ్యాండిల్‌కు అరగజం పైపు తొడిగితే అది మూడు టన్నులు దాటుతుంది. వైస్ హ్యాండిల్‌ను మెత్తటి ఇనుముతో చేసేది అందుకే. బాడీ విరగకముందే అది వంగాలి. మీ వైస్ హ్యాండిల్ స్థానంలో ఎవరో మందపాటి జాకీ రాడ్ దూర్చి ఉంటే, బాడీ ఎందుకు పగిలిందో వేరే వెతకనక్కర్లేదు.

ఈ నొక్కుడంతా దవడ పైఅంచు మీద పడుతుంది. దవడను వెనక్కి తోస్తుంది. ఆ తోపుకు దవడ మొదట్లో, లోపలి మూల దగ్గర, కాస్టింగ్ సాగాలని చూస్తుంది. కదిలే దవడ అయితే అదే లాగుడు స్లయిడ్ పైముఖం మీదికి వస్తుంది. పగులు ఆ లోపలి మూలలో ఉంటే మీరు బిగించిన ప్రతిసారీ అతుకు విప్పుకోవాలని చూస్తుందన్నమాట. అదే పగులు బేస్ చెవిలోనో, వెనక చదునుగా ఉండే భాగంలోనో ఉంటే, దానికీ దీనికీ పోలికే లేదు.

కాబట్టి విరిగిన చోటును బట్టి ఆలోచించండి. బెంచ్‌కు బోల్టు వేసే చెవి విరగడం అన్నిటికంటే చిన్న సమస్య. బెంచ్ చెక్క ఎగుడుదిగుడుగా ఉండి, బోల్టు బిగించేసరికి చెవి కింద ఖాళీ ఉండటం వల్ల అది జరుగుతుంది. దవడ మూల చిన్న పెచ్చు లేచిపోతే, జా ప్లేటుకు (దవడ ముఖానికి బిగించే పలకకు) ఆనుకోవడానికి సగానికి పైగా కాస్టింగ్ మిగిలి ఉంటే, నేనైతే ముట్టుకోను. రంగేసి వాడుకుంటాను. ఫిక్స్‌డ్ జా, అంటే కదలని దవడ, మొదట్లో పగులు పెద్ద పనే, కానీ చేయదగ్గ పని. నట్ కూర్చునే దిమ్మ విరిగితే మధ్యస్థం. కదిలే దవడ స్లయిడ్ అడ్డంగా రెండు ముక్కలైతే అది అన్నిటికంటే కష్టం, ఎందుకంటే బలమూ కావాలి, అతికాక గాడిలో జారడానికి నేరుగానూ ఉండాలి.

ఇత్తడి అతుకు

కాస్ట్ ఐరన్‌కు ఇత్తడి అతుకు మెరుగని నేను చెప్పడానికి కారణం ఉష్ణోగ్రత. ఈ ఇనుము సుమారు 1150 నుంచి 1200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అతుకుకు వాడే ఇత్తడి కడ్డీ, అంటే బ్రేజింగ్ కడ్డీ, 900 డిగ్రీల లోపే కరుగుతుంది. అంటే ఇనుము ఎక్కడా కరగదు. కరగకపోతే కార్బన్ ద్రవంలో కలిసి గాజులాంటి తెల్ల ఇనుముగా మారే గొడవ ఉండదు. మామూలు ఆర్క్ వెల్డింగ్‌లో అతుకు పక్కన పగిలేది ఆ తెల్ల ఇనుమే. ఆకురాయి పెడితే జారిపోతుంది, డ్రిల్ బిట్ మొద్దుబారిపోతుంది. పైగా ఇత్తడి మెత్తనిది, చల్లారేటప్పుడు ముడుచుకునే బలాన్ని కొంత తనే సాగి సర్దుకుంటుంది. సరిగ్గా పట్టిన అతుకు గ్రే కాస్ట్ ఐరన్ కంటే లాగుడుకు బలంగా ఉంటుంది.

‘సరిగ్గా పట్టిన’ అన్న దగ్గరే అంతా ఉంది.

ముందు వైస్‌ను పూర్తిగా విప్పాలి. స్క్రూ, నట్, స్ప్రింగు, జా ప్లేట్లు ఏవీ మంటలో ఉండకూడదు. ప్లేట్లకున్న గట్టిదనం వేడికి పోతుంది. దశాబ్దాల నూనె కాస్టింగ్ లోపలి రేకుల్లోకి ఇంకి ఉంటుంది. పైపైన పెట్రోలుతో తుడిస్తే పోదు. వేడి చేసిన కొద్దీ బయటికి చెమర్చుతుంది, ఆరుబయట మెల్లగా కాల్చి పోగొట్టాలి. పెట్రోలుతో తుడిచి ఉంటే అది పూర్తిగా ఆరిపోయాకే మంట దగ్గరికి తీసుకెళ్లాలి.

పగులు రెండు చివర్లా 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి, అది ఇంకా పాకకుండా. ఎక్కడిదాకా పాకిందో కంటికి తెలియకపోతే డీజిల్ పూసి, పది నిమిషాలాగి, పొడిగుడ్డతో బాగా తుడిచి, పైన సుద్దపొడి చల్లండి. పగులులో దాక్కున్న డీజిల్ సుద్దలోకి పీల్చుకుని గీతలా కనపడుతుంది. తర్వాత పగులు వెంట వీ ఆకారంలో గాడి తీయాలి, మందం ఎక్కువైతే రెండు వైపుల నుంచీ. అడుగున 2, 3 మిల్లీమీటర్లు విరిగిన అంచును అలాగే ఉంచాలి. ముక్క సరిగ్గా కూర్చోవడానికి అదే కావాలి. గ్రైండర్‌తో గాడి తీశాక చివర్లో గరుకు ఆకురాయితో ఒకసారి రుద్దండి. గ్రైండర్ చక్రం గ్రాఫైట్‌ను ఇనుము మీద మసిలా పులుముతుంది, ఆ మసి మీద ఇత్తడి పట్టదు.

ఇక మంట. చిన్న ముక్కయితే నేరుగా ఆక్సీ ఎసిటిలీన్ చాలు. నాలుగైదు అంగుళాల వైస్ బాడీకి ముందు మొత్తం వేడెక్కాలి. ఇటుకలు పేర్చి, బొగ్గులు పోసి, దాని మీద బాడీ మొత్తాన్ని సమంగా వేడి చేసి, ఆ తర్వాత అతుకు దగ్గర మంట పెట్టడం పాత పద్ధతి, ఇప్పటికీ అదే మేలైనది. షెడ్డులో నీడ పట్టున చూస్తే ఇనుము ముదురు ఎరుపులో కనపడాలి. వెలిగారం కలిసిన బ్రేజింగ్ పౌడర్ చల్లితే నీళ్లలా పారాలి. అప్పుడు కడ్డీ తాకిస్తే ఇత్తడి పలుచగా పరుచుకుంటుంది, మొదట ఆ పలుచటి పూత గాడి అంతా పట్టాలి, తర్వాతే నింపాలి. ఇనుము చాలినంత వేడెక్కకపోతే ఇత్తడి చామాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా దొర్లుతుంది. అలా దొర్లితే అక్కడ ఏమీ అతకలేదని అర్థం, పైన ఎంత పోసినా అంతే. మరీ వేడెక్కితే తెల్లటి పొగ లేస్తుంది. అది ఇత్తడిలోని జింకు కాలడం. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది, కాబట్టి గాలి ఆడే చోటే చేయాలి.

చల్లార్చడం సగం పని. ఫ్యాను కింద పెట్టకూడదు, నీళ్లు చిలకరించకూడదు. మన దగ్గర రైస్ మిల్లుల్లో ఊక బూడిద కావలసినంత దొరుకుతుంది, వేడిని పట్టి ఉంచడంలో దానికి మంచి పేరు. ఒక డ్రమ్ములో పొడి బూడిద పోసి, దాంట్లో వైస్‌ను నిండా పూడ్చి, మర్నాడు చెయ్యి పెట్టగలిగేదాకా వదిలేయాలి. కార్తీక మాసం వానల్లో, తిరుపతిలో గాలి తడిగా ఉన్న రోజుల్లో, బూడిద పొడిగా ఉందో లేదో చూసుకోండి.

దీనికి రెండు పరిమితులున్నాయి. ఒకటి, ఒకసారి ఇత్తడి పెట్టాక అదే చోట తర్వాత ఆర్క్ వెల్డింగ్ కుదరదు. రాగి, జింకు కలిసి వెల్డింగ్ గుల్లగా, పగుళ్లతో వస్తుంది. ఇత్తడినంతా తొలగిస్తే తప్ప వెనక్కి రాలేం. రెండు, వైస్‌లో ఇనుప కడ్డీ బిగించి గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచే అలవాటున్న షాపు అయితే ఇత్తడి వద్దు, వేడికి దాని బలం తగ్గుతుంది. పసుపు గీత కనపడుతుందని కొందరు బాధపడతారు. రంగు కింద అది కనపడదు. కనపడినా నాకైతే అందంగానే ఉంటుంది.

నికెల్ రాడ్

గ్యాస్ పని తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. ఎక్కువ షాపుల్లో ఆర్క్, మిగ్ మెషీన్లే మిగిలాయి. అలాంటప్పుడు రెండో దారి నికెల్ రాడ్. ఇందులో రెండు రకాలు వాడుకలో ఉన్నాయి. దాదాపు అంతా నికెలే ఉండేది ఒకటి, పెట్టె మీద ఈఎన్‌ఐ-సీఐ అని ఉంటుంది. సుమారు 55 శాతం నికెల్, మిగతా ఇనుము ఉండేది ఇంకొకటి, ఈఎన్‌ఐఎఫ్‌ఈ-సీఐ. మొదటిది మెత్తగా ఉంటుంది, తర్వాత ఆకురాయికి, డ్రిల్లుకు లొంగుతుంది. రెండోది బలమైనది, మందపాటి భాగాలకు, విరిగిన దవడకు నేను దాన్నే అడుగుతాను. రెండూ మామూలు రాడ్ కంటే ఎన్నో రెట్లు ఖరీదు. అందుకే షాపులో తప్పకుండా అడగాలి.

“అన్నా, ఇది కాస్టింగ్. నికెల్ రాడ్ ఉందా?”

“ఏ రాడ్ అయితే ఏముందిలేన్నా, పట్టుకుంటుంది.”

ఈ జవాబు వస్తే నమస్కారం పెట్టి వైస్‌ను బండి ఎక్కించండి. “ఉందన్నా, కానీ రోజంతా పడుతుంది, రేపు రా” అన్నాడంటే ఆయన పని తెలిసిన మనిషి.

రోజంతా ఎందుకంటే, నికెల్ పనిలో తొందర పనికిరాదు. రెండు దారులున్నాయి. బాడీని మొత్తం కొన్ని వందల డిగ్రీలకు వేడి చేసి, వేడిగా ఉండగానే వెల్డ్ చేసి బూడిదలో పూడ్చడం ఒకటి. అసలు వేడెక్కనివ్వకుండా చేయడం రెండోది. ఒక్కో గీత అంగుళానికి మించకుండా పెట్టి, వెంటనే గుండు సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేసి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక వేరే చోట ఇంకో అంగుళం. సుత్తి దెబ్బలు వెల్డింగ్‌ను కాస్త సాగదీసి, ముడుచుకునే లాగుడును తగ్గిస్తాయి. ఈ రెండింటికీ మధ్యలో, కొంచెం వేడి చేసి గబగబా నింపేయడం, అన్నిటికంటే చెడ్డది. సన్నటి చెవులు, జా మూలలు, లాగుడు తక్కువ పడే చోట్లు నికెల్‌తో చక్కగా వస్తాయి. దవడ మొదట్లో పెద్ద పగులుకు ఇత్తడి, నికెల్ రెండూ మంచి చేతుల్లో అందుబాటులో ఉంటే నేను ఇత్తడే ఎంచుకుంటాను. నికెల్ అయినా పక్కనున్న ఇనుమును కరిగిస్తుంది, ఎంత సన్నగానైనా గట్టి పొర మిగులుతుంది.

ప్లేట్లు, బోల్టులు, జిగురు

వేడి అసలు అక్కర్లేని దారి ప్లేటు. బేస్ చెవి విరిగితే 8 లేదా 10 మిల్లీమీటర్ల ఎంఎస్ (మెత్తటి స్టీలు) ప్లేటును బేస్ ఆకారంలో కోయించి, వైస్ మొత్తాన్ని దాని మీద కూర్చోబెట్టి, మిగిలిన మంచి చెవులతో బిగించి, ప్లేటును బెంచ్‌కు బోల్టు చేయండి. లేత్ షాపు పని కూడా అక్కర్లేదు, డ్రిల్లింగ్ ఉంటే చాలు. విరిగిన చెవి పైన చిన్న బిగింపు పట్టీ వేసినా సరిపోతుంది. చెవికి వెల్డింగ్ పెట్టించడానికి డబ్బు ఖర్చు పెట్టకండి.

దవడకు ప్లేటు వేయడం అంత తేలిక కాదు. రెండు పక్కలా పట్టీలు వేసి, కాస్టింగ్‌లో మరలు తీసి బిగించాలి. ఎం10 బోల్టుకు 8.5 మిల్లీమీటర్ల రంధ్రం, ఎం8కు 6.8. పట్టీ లాగుడు పడే లోపలి వైపుకు ఎంత దగ్గరగా ఉంటే అంత ప్రయోజనం. ఇత్తడి అతుకు వేసిన చోట అదనపు భరోసాకు పక్కన పట్టీ వేయడం నాకు నచ్చుతుంది, ఒంటరిగా మాత్రం నమ్మను.

ఎం-సీల్, ఆరాల్డైట్ లాంటివి పెచ్చులు పూడ్చి రంగేయడానికి పనికొస్తాయి. బలం పడే ఏ చోటా వాటిని పెట్టకండి.

ఇంకొకటి, విరిగిన భాగాన్నే నమూనాగా పెట్టి ఫౌండ్రీలో కొత్తది పోయించడం. గ్రే ఐరన్ చల్లారేటప్పుడు పొడవులో సుమారు ఒక శాతం ముడుచుకుంటుంది కాబట్టి నమూనాను ఆ మేరకు పెంచాలి, ఆ తర్వాత మెషినింగ్ ఉంటుంది. ఒక్క వైస్ కోసం ఇది గిట్టుబాటు కాదు. ఒకే రకం వైసులు పది విరిగి పడున్న ఏ ఐటీఐ వర్క్‌షాపుకో మాత్రం ఆలోచించదగ్గది.

విరగలేదు, అరిగిపోయింది అంటే

చాలా వైసులు బాడీ బాగానే ఉండి, స్క్రూ జారుతోందని మూలన పడతాయి. ఇవి కొనుక్కోవడానికి అన్నిటికంటే మంచివి. పాత ఇనుము కొట్టులో బాడీ నిక్షేపంగా ఉండి స్క్రూ పోయిన వైస్ కనపడితే వదలకండి.

హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే కొంత ఖాళీగా తిరగడం పెద్ద లోపం కాదు. స్క్రూను బయటికి తీసి మరల తలలు చూడండి. చదునుగా ఉండాల్సిన తలలు కత్తి అంచులా సన్నబడితే రోజులు దగ్గర పడ్డాయి. సాధారణంగా ముందు నట్ అరుగుతుంది. అది మార్చడం స్క్రూ మార్చడం కంటే చవక. కాకపోతే పాత వైసుల్లో చదరపు మర ఉంటుంది, చిన్న నట్ లోపల చదరపు మర కోయడం చాలా లేత్ షాపుల వాళ్లకు తలనొప్పి. వాళ్లు వద్దంటే బలవంతం చేయకండి. స్క్రూ, నట్ రెండూ ఆక్మే మరతో, అంటే పక్కలు ఏటవాలుగా ఉండే మరతో, కొత్తగా చేయించండి. స్క్రూకు ఈఎన్8 రకం స్టీలు కడ్డీ, నట్‌కు గన్‌మెటల్ అనే కంచు. స్క్రూ లావు, నట్ దిమ్మ ఎత్తు పాతవాటితో సరిపోవాలి, లేకపోతే స్క్రూ ఏటవాలుగా లాగి స్లయిడ్ బిగుసుకుంటుంది.

స్క్రూ వంగితే చల్లగా ఉండగానే ప్రెస్ కింద, రెండు వీ దిమ్మల మీద పెట్టి సరిచేయాలి. లివర్ నొక్కితే దవడ ఒక్కసారిగా జారే పాత ఇంగ్లండు వైసుల్లో, పార్కిన్సన్ లాంటి వాటిలో, సగం నట్ ఉంటుంది. అది మురికి పట్టి పూర్తిగా పైకి లేవకపోయినా స్క్రూ జారుతుంది. ఏదో విరిగిందనుకుని టెన్షన్ పడకముందు దాన్ని విప్పి కడిగి చూడండి.

జా ప్లేట్ల స్క్రూలు ఊడిరాకపోతే తల మీద ఒక నట్ పెట్టి లోపల వెల్డింగ్ చుక్క వేసి, వేడి మీద స్పానరుతో తిప్పితే చాలాసార్లు వచ్చేస్తాయి. షెఫీల్డ్ రికార్డ్ వంటి పాత ఇంగ్లండు వైసుల్లో ఈ స్క్రూలు విట్‌వర్త్ మరలతో ఉండొచ్చు. వాటి కోణం 55 డిగ్రీలు, మెట్రిక్‌ది 60. దగ్గరగా ఉంది కదా అని మెట్రిక్ స్క్రూను బలవంతంగా దూర్చితే కాస్టింగ్ మర పోతుంది. కొత్త ప్లేట్లను లారీ కమాన్ పట్టాతో చేయించొచ్చు. మెత్తబరిచి, రంధ్రాలు వేసి, గీతలు కోసి, మళ్లీ నూనెలో గట్టిపరిచి, కొంచెం వేడితో పెళుసు తగ్గించాలి. ఇత్తడి, అల్యూమినియం పనే ఎక్కువైతే గట్టి ప్లేట్లే వద్దు, మామూలు ఎంఎస్ చాలు.

తుప్పుకు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు నీళ్లలో కలిపి ఒక రాత్రి నానబెట్టండి. ఉదయం బ్రష్‌తో తోమి, సోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయండి. రోజుల తరబడి వదిలేస్తే కాస్టింగ్‌నే తినేస్తుంది. పాత రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా గ్రైండ్ చేసి ఆ దుమ్ము పీల్చకండి.

ఎవరి చేతికి ఇవ్వాలి

తిరుపతి, రేణిగుంట ప్రాంతంలో వైస్ అతికేవాళ్లు అని బోర్డు పెట్టుకున్నవాళ్లు ఉండరు. కాస్టింగ్ రోజూ చూసేవాళ్లను వెతకాలి. ట్రాక్టర్ హౌసింగులు, ఇంజిన్ మానిఫోల్డులు, మోటారు పంపు బాడీలు అతికేవాళ్లు వాళ్లే. చిత్తూరు వైపు అయితే చెరకు గానుగలు బాగుచేసేవాళ్లను అడగండి. ఐరాల, పూతలపట్టు వైపు బెల్లం ఆడే పల్లెల్లో సీజన్ మధ్యలో గానుగ విరిగితే రైతు ఆగలేడు, అలాంటి పని చేసి చేసి వచ్చిన చెయ్యి వేరుగా ఉంటుంది. వాళ్లు గతంలో చేసిన ఒక అతుకు చూపించమనండి. ఇత్తడి అంచు ఇనుములోకి సన్నగా కలిసిపోయి ఉంటే మంచి పని. అంచు గుండ్రంగా, పైకి లేచి, గోరు దూరేలా ఉంటే అది పట్టలేదు.

డబ్బు విషయంలో నా లెక్క ఇది. మరమ్మతు ఖర్చు అదే సైజు కొత్త వైస్ ధరలో సగం లోపు ఉంటే చేయించండి. సగం దాటితే ఆ వైస్‌కు ప్రత్యేకమైన విలువ ఉండాలి. తాత చేతిదో, ఇప్పుడు దొరకని బరువూ పొందికా ఉన్నదో అయి ఉండాలి. పంజాబ్‌లో జలంధర్, లూథియానా వైపు తయారయ్యే కొత్త వైసుల్లో మంచివీ ఉన్నాయి, తేలికపాటివీ ఉన్నాయి. కొనేటప్పుడు బెంచ్ వైసుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2586 గుర్తు కోసం చూడండి. దవడను పూర్తిగా తెరిచి పక్కలకు ఊపి చూడండి. రెండు చివర్లా రెండు కాగితం ముక్కలు పెట్టి బిగించి లాగండి, రెండూ ఒకేలా బిగుసుకోవాలి. ఒకే సైజులో రెండుంటే బరువున్నది తీసుకోండి.

బైక్ మెకానిక్, ఇంట్లో చిన్న పనులు చేసుకునేవాళ్లు, ఆకురాయి పనే ఎక్కువగా ఉండే ఫిట్టర్లు అతికిన పాత వైస్‌ను ఏళ్ల తరబడి నిశ్చింతగా వాడుకోవచ్చు. నలుగురైదుగురు పనివాళ్లు చేతికి దొరికిన పైపు తొడిగి బిగించే షాపులో మాత్రం అతికిన వైస్ పెట్టకండి. పెద్ద సుత్తి పనికి ఏ బెంచ్ వైస్ కూడా సరి కాదు, విరగనిదైనా సరే. వెనక చదునుగా ఉన్నది దాగలి కాదు. ఆ పనికి పాత లెగ్ వైస్ ఒకటి వెతికి, దాని కాలు నేల మీద ఆనేలా బిగించండి.

అతుకు పడిన వైస్‌ను మొదట చేతి బలంతోనే వాడండి. పని ముక్కను దవడ మధ్యలో పట్టండి, ఒక చివర పట్టాల్సి వస్తే రెండో చివర అంతే మందం ఉన్న ముక్క పెట్టండి. సుత్తి దెబ్బ ఎప్పుడూ కదలని దవడ వైపు పడాలి. ఒక నెల వాడాక మళ్లీ డీజిల్, సుద్దపొడితో అతుకు రెండు అంచులూ చూడండి. గీత కనపడకపోతే జా ప్లేట్ల స్క్రూలు ఒకసారి బిగించి, స్లయిడ్‌కు పలుచగా గ్రీజు రాసి, పనిలో పెట్టేయండి.